చేయి విడుచుట యెట్లు?



క్రిందటి నెలలో మాకందిన జాబులలో ఎల్.బి. నగరునుండి యొక తల్లి వ్రాసినది యున్నది. ఆమె కుమార్తెకు ఇరువదిరెండేండ్లు. పసితనమునుండియు బుద్ధివికాసము మందగతిని సాగినది. మాటలు కొలదిగా వచ్చును. చెప్పినది చాలవఱకు గ్రహించును. కాని నీళ్లు తోడుట మొదలుకొని జడ వేయుటవఱకు ఆ పిల్ల పనులన్నియు తల్లియే చేయుచున్నది. “ఇటువంటి పిల్లలు తమ పనులు తాము చేసికొనుటకు ఏవేవో కొత్త సాధనములు వచ్చినవని వింటిని. మా అమ్మాయికి ఏది కొనవలయునో తెలుపగోరెదను. నాకు ఏబదియాఱేండ్లు నిండినవి” అని ఆమె జాబు ముగించినది.

ఆ చివరి వాక్యమునకును సాధనములకును గల సంబంధమును ఆమె విప్పి చెప్పలేదు. చెప్పనక్కఱయు లేదు. ఇటువంటి బిడ్డ గల ప్రతి తల్లియు రాత్రి దీపమార్పిన పిదప తన్ను తానడుగుకొను ప్రశ్న యొకటి యున్నది: నా తరువాత ఈ బిడ్డ గతి యేమి? ఈ నెల శీర్షికను ఆ ప్రశ్నకే వినియోగించుచున్నాము.

మేము ఈ సంగతిని పుస్తకములలో చదివి మాత్రమే వ్రాయుట లేదు. దిల్‌సుఖ్‌నగరులోని మా యింట మా చిన్నమరిది యున్నాడు. అతనికి ఇరువదియాఱేండ్లు. పుట్టుకతోనే డౌన్ సిండ్రోము. తన్ను గూర్చి పత్రికలో వ్రాయవచ్చునా యని అతనినే యడిగితిమి. కొంతసేపు ఆలోచించి, “పేరు రాయకు వదినా. మెట్రో సంగతి రాయి” అనెను. కావున పేరు వ్రాయుట లేదు. మెట్రో సంగతి తప్పక వ్రాసెదము.

మొదట ఒక అపోహ తొలగింపవలసియున్నది. బిడ్డకిట్టి లోపము కలిగినచో మన యిండ్లలో తల్లినే నిందించు వాడుక ఇంకను పోలేదు. గ్రహణమునాడు బయటికి వచ్చినదందురు, ఎవరి ఉసురో తగిలినదందురు. ఇంగ్లండులో జాన్ లాంగ్డన్ డౌన్ అను వైద్యుడు 1866లో ఈ లక్షణములను వర్ణించెను. కారణము 1959లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుల వలన తెలిసినది. మన శరీరకణములలో క్రోమోజోములు జంటలు జంటలుగా నుండును. ఇరువదియొకటవ జంటలో రెండింటికి బదులు మూడున్నచో ఈ స్థితి యేర్పడును. తల్లి వయస్సు ముదిరినకొలది ఇట్లు జరుగు అవకాశము హెచ్చునన్నమాట నిజమే. అంతమాత్రమున అది ఎవరి తప్పును గాదు, ఎవరి పాపఫలమును గాదు. మా అత్తగారు ఈ నిందను పదియేండ్లకు పైగా మోసిరి. ఆ నింద వలన కలిగిన పట్టుదలతోనే కాబోలు, కొడుకు పనులలో ఒక్కటియు ఇతరుల చేతికి విడువక తామే చేయుచు వచ్చిరి.

ఆ యేర్పాటులోని అపాయము మాకు రెండేండ్ల క్రిందట వానకాలమున తెలిసినది. అత్తగారికి డెంగీజ్వరము తగిలి తొమ్మిది దినములు ఆసుపత్రిలో నుండవలసివచ్చెను. మొదటి దినమున మా మరిది స్నానాలగదిలో ముప్పావుగంట నిలుచుండెను. తాళము వేసికొనలేదు, నీళ్లు పోసికొనలేదు. అమ్మ వచ్చి పోయునని యెదురుచూచుచున్నాడు. అన్నము కంచములో పెట్టితిమి. కలిపి ముద్దచేయు చేయి రానందున అట్లే కూర్చుండెను. నాలుగవ దినమున అత్తగారు ఆసుపత్రి మంచము మీదనుండి లేని ఓపిక తెచ్చుకొని, “వాడికి థైరాయిడ్ మాత్ర వేస్తున్నారా?” అని యడిగిరి. మేము నిశ్చేష్టులమైతిమి. ఆ యింట పదునొకండేండ్లుగా కాపురము చేయుచున్న మాకు, అతడు ప్రతి ఉదయము పరగడుపున ఒక మాత్ర మ్రింగునన్న సంగతియే తెలియదు.

అప్పుడు మాకు స్పష్టముగా కనబడినది. ఒక మనుష్యుని జీవితమంతయు అఱువదియెనిమిదేండ్ల తల్లి జ్ఞాపకములో దాచబడియున్నది. ఆమె కన్ను మూసిన దినమున అతడు తల్లిని మాత్రమే గాదు, స్నానము చేయు విధానమును, అన్నము తిను విధానమును, మందును, అన్నిటిని ఒక్కసారిగా పోగొట్టుకొనును. ప్రేమ తక్కువై వచ్చిన యాపద గాదిది. ఆ ప్రేమ చేయి విడుచుట నేర్వనందున వచ్చినది.

చిన్ననాడు మా తండ్రిగారి వద్ద ఆదిపర్వము చదువుకొన్నప్పటి వినత కథ మాకు ఆ దినములలో మాటిమాటికి జ్ఞప్తికి వచ్చెను. సవతి కద్రువ గ్రుడ్లు పగిలి వేయిమంది బిడ్డలు బయలుదేఱగా, వినత ఓర్వలేక, పక్వము గాని గ్రుడ్డు నొకదానిని తన చేతులతో పగులగొట్టినది. తొడలు లేని అనూరుడు పుట్టెను. ఈ కథలో తల్లి తప్పు చేసినదని చదివి బాధపడు తల్లులు మాకు తెలియును. ఆ యర్థమును మేమిచట గ్రహించుట లేదు. మా మనస్సు నిలిచినది కథయొక్క తరువాతి భాగము మీద. ఆ అనూరుని ఎవ్వరును ఒడిలో పెట్టుకొని కూర్చుండలేదు. అతనికి రథము మీద తగిన పీఠము దొరికినది, చేతికి పగ్గములు వచ్చినవి. సూర్యునంతవాని రథమును అతడే నడపుచున్నాడు. కాళ్లు లేవని ప్రతిదినము అతనిని మోయుచుండు ఇంటివారున్నచో ఆ పగ్గములు అతని చేతికి వచ్చియుండునా? కొఱత యుండగనే పని చేయనిచ్చు ఏర్పాటునకే నేడు సహాయక సాధనమని పేరు పెట్టినారు.

సాధనమనగానే మనకు ఖరీదైన యంత్రము మనస్సునకు తట్టును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో అత్యవసరమైన సహాయక సాధనములు 50 ఎంచి ఒక పట్టిక ప్రకటించినది. అందు చక్రముల కుర్చీలు, వినికిడి యంత్రములు ఉన్నవి. వానితోపాటు మాత్రలు వారములవారీగా సర్దుకొను గళ్ల డబ్బా, బొమ్మలు చూపి మాటాడు పలక, కాలము తెలిసికొను సాధనములు, సులభమైన ఫోను కూడ ఉన్నవి. 2022లో ఆ సంస్థయే ప్రకటించిన నివేదిక ప్రకారము లోకములో 250 కోట్లకు మించిన జనులకు ఏదో యొక సహాయక సాధనము కావలసియున్నది. కండ్లద్దములు పెట్టుకొని ఈ పత్రిక చదువుచున్న సోదరి కూడ ఆ లెక్కలోనిదే. కండ్లద్దములకు సిగ్గుపడము గదా, బొమ్మల పలకకేల సిగ్గుపడవలయును?

ఇక మా యింట జరిగిన దానిని వరుసగా చెప్పెదము.

అత్తగారు ఇల్లు చేరిన పిదప మొదట కొన్నది మాత్రల డబ్బా. ఏడు గళ్లు, ఒక్కొక్కదానిపై ఒక్కొక్క వారము పేరు. మా మరిది అక్షరములు కొన్నిటినే గుర్తించును. కావున గళ్లపై ఏడు రంగుల కాగితములంటించి, గోడ కేలెండరులో కూడ ఆ దినములకు ఆ రంగులే వేసితిమి. ఆదివారము సాయంకాలము అతడే గళ్లు నింపును. మేము ప్రక్కన కూర్చుండి చూతుము. ఉదయము గడి ఖాళీగానున్నచో మాత్ర వేసికొన్నట్లు, నిండియున్నచో మఱచినట్లు. అతనిని ప్రశ్నింపనక్కఱ లేదు. డబ్బాయే చెప్పును.

రెండవది స్నానము. ఇందు మాకు తోడ్పడినది ఒక పాత పద్ధతి. అమెరికాలో మార్క్ గోల్డ్ అను అధ్యాపకుడు 1970 ప్రాంతమున, ఏమియు నేర్వలేరని లోకము నిర్ణయించిన యువకులచేత సైకిలు బ్రేకు ముక్కలను వరుస తప్పక కూర్పించి చూపెను. పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టు చేతికి వచ్చువఱకు నేర్పుటయే అతని కిటుకు. శిష్యుడు నేర్వనిచో నేర్పు తీరు మార్చుకొనవలయునే గాని శిష్యుని తీసివేయరాదన్నది అతని పట్టు. మా ఇంటివారు ఇరువదియేండ్లకు దగ్గఱగా బడిపంతులు పని చేయుచున్నవారు. ఇది విని, “మా బడులలో ఈ మాట గోడలమీద వ్రాయవలసినది” అనిరి.

స్నానమును పదునొకండు మెట్లుగా విడగొట్టితిమి. ఒక్కొక్క మెట్టునకు మా మరిది ఫొటోయే తీసి, నీరు తగులకుండ పైపూత వేయించి, స్నానాలగది గోడకు వరుసగా అంటించితిమి. ఎవరివో బొమ్మలకంటె తన బొమ్మనే చూచి అతడు త్వరగా గ్రహించెను. నేర్పుటలో చివరనుండి మొదలిడితిమి. మొదటి వారము పది మెట్లు తల్లియే చేసి, కడపటి మెట్టైన తువ్వాలు ఆఱవేయుట అతనికి విడిచిరి. పని ముగించిన సంతోషము ప్రతిదినము అతనిదే యైనది. తరువాత చివరి రెండు మెట్లు, తరువాత మూడు. ఇట్లు నాలుగు నెలలకు తల్లి గది బయటికి వచ్చిరి.

అత్తగారు బయటికి వచ్చుటయే కష్టమైనది సుమా. ఫొటోలంటించుట ఒక పూట పని. మా మరిది నేర్చుటకు నాలుగు నెలలు. అత్తగారు చేయి వెనుకకు తీసికొనుటకు అంతకంటె ఎక్కువ పట్టెను. సబ్బు జాఱినచో చేయి ముందుకు పోవును. చొక్కా గుండీ తప్పినచో వ్రేళ్లు తామే కదలును. అందులకు ఒక నియమము పెట్టుకొంటిమి. అతడాగినచో మొదట మనస్సులో పది లెక్కింపవలయును. అప్పటికిని కదలనిచో బొమ్మవైపు వ్రేలు చూపవలయును. అదియు చాలనిచో ఒక్కమాట చెప్పవలయును. చేయి పట్టుకొనుట అన్నిటికంటె చివర. ఆ పది లెక్కించుటలోనే అతని చదువంతయు జరిగినది. పదింట ఏడుమార్లు లెక్క ముగియకముందే అతడు తనంతట కదలుచుండెను. ఇన్నియేండ్లు ఆ పది అంకెల వ్యవధియే మనము అతనికియ్యలేదు.

వంట విషయమున గ్యాసుపొయ్యిని అతని చేతికియ్యలేదు. కరెంటుతో నడచు ఇండక్షను పొయ్యి కొంటిమి. నిర్ణయించిన నిమిషములు గడువగానే అది తానే ఆఱిపోవును. గిన్నె తీసివేసినను ఆఱిపోవును. బియ్యపు గ్లాసునకు ఎఱ్ఱగీత, నీళ్ల గ్లాసునకు నీలిగీత వేసి రైసుకుక్కరులో అన్నము వండుట నేర్పితిమి. కాలము తెలియుటకు పాత గోడగడియారము ముఖముపై ఎఱ్ఱకాగితము ముక్క యంటించితిమి. పెద్దముల్లు ఎఱుపు దాటినచో బయలుదేఱవలయును. ఇంతకంటె వివరముగా గడియారము చూచుట అతనికి నేటికిని రాదు. రాకున్నను బండి తప్పిపోవుట లేదు.

ఇక మెట్రో సంగతి.

మా ఆడబిడ్డగారి ఇల్లు ఎల్.బి. నగరులో నున్నది. అక్కయనిన మా మరిదికి ప్రాణము. ప్రతి ఆదివారమును ఎవరో యొకరము తీసికొనిపోవుచుంటిమి. ఒకనాడు అతడు చెప్పులు తొడుగుకొని గుమ్మములో నిలిచి, “నేనొక్కన్నే పోత” అనెను. అత్తగారు నవ్విరి. అతడు నవ్వలేదు.

అమీర్‌పేటనుండి ఎల్.బి. నగరువఱకు మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది. దిల్‌సుఖ్‌నగరులో ఎక్కినచో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆపైన ఎల్.బి. నగరు. మూడవదియే చివరి స్టేషను. బస్సులో నెంబరు చదువవలయును, దిగవలసిన చోటు కనిపెట్టవలయును, త్రోపులాటను తట్టుకొనవలయును. రైలునకు దారి ఒక్కటే. మఱచి కూర్చున్నను చివరి స్టేషను దాటి యెక్కడికిని పోవదు. నేర్చుకొనువానికి ఇంతకంటె మంచి బాట ఏది?

ఒక దారమునకు మూడు పెద్ద పూసలు గ్రుచ్చి యిచ్చితిమి. రైలాగి తలుపులు తెఱచుకొన్నప్పుడెల్ల ఒక పూసను ఇటునుండి అటు జరుపవలయును. మూడవది జరిగినప్పుడు దిగవలయును. టికెట్టు కొనునక్కఱ లేకుండ స్మార్టు కార్డు. జేబులో ఒక అట్టకార్డు: దానిపై అక్క ఫొటో, మా ఫోను నెంబర్లు, ‘నేను ఎల్.బి. నగరు మా అక్క యింటికి పోవుచున్నాను, దయచేసి ఫోను చేయుడు’ అన్న వాక్యము. ఫోనులో పేర్లకు బదులు ముఖముల బొమ్మలు. ముఖము నొక్కినచో వారికి పోవును. అతడెక్కడ నున్నాడో మా ఫోనులో కనబడు ఏర్పాటు కూడ చేసితిమి. కాని అతని నడిగి చేసితిమి. దానిని ప్రయాణమునకు ముందు అతడే తెఱచును, ఇల్లు చేరి అతడే మూయును. పెద్దవాని వెంట అతనికి తెలియకుండ చూపు నంపుట కాపలా యగును గాని తోడు కాదు.

ఆఱు ఆదివారములు మేము ప్రక్కన కూర్చుంటిమి. నాలుగు ఆదివారములు అదే పెట్టెలో దూరముగా నిలిచితిమి. రెండు ఆదివారములు వెనుకబండిలో పోతిమి. పదుమూడవ ఆదివారమున అతడొక్కడే బయలుదేఱెను.

ఆనాడు పావుగంటలో రావలసిన ఫోను రాలేదు. ముందురాత్రి పాటలు చూచి ఫోను ఛార్జి ముగిసినది. మా తెఱమీద అతని గుఱుతు మలకపేటవైపు తిరుగకుండ చైతన్యపురి చేరువఱకు కనబడి మాయమైనది. అక్క స్టేషను ముందు నిలిచి వెదకుచున్నది. అత్తగారు దేవుని గూటిముందు కూర్చుండి మమ్ములనొక్క మాటయు ననలేదు. అనినచో కొంత నయముగా నుండెడిది. ఏబది నిమిషములు గడచిన పిదప ఎఱుగని నెంబరు నుండి ఫోను వచ్చెను. జామపండ్ల బండి యామె మాటాడుచున్నది. “అమ్మా, మీ పిల్లగాడు నా దగ్గర ఉన్నడు, భయపడకున్రి. కార్డు చూపిండు.”

జరిగినదేమనగా అతడు పూసలు సరిగా జరిపి సరియైన చోటనే దిగెను. కాని మెట్లు వేఱొక ప్రక్కవి దిగినందున కూడలి ఆవలి ప్రక్కకు చేరెను. అది విజయవాడ దారియు, ఉప్పలు దారియు, సాగరు దారియు కలియు చోటు. మనకే దిక్కు తెలియదు. ఫోను పలుకకపోగా, జేబులోని కార్డు తీసి ఒక స్త్రీకి చూపెను. అక్క “భయపడ్డావా?” అని యడిగినదట. “భయమైంది. కార్డు చూపిన” అనెనట.

అత్తగారు ఆ రాత్రి “ఇంక చాలు” అనిరి. మేమును చాలుననియే తలచితిమి. నిజము దాచనేల? మా కాళ్లలో వణకు అప్పటికిని తగ్గలేదు. మఱుసటి ఆదివారము అతడు చెప్పులు తొడుగుకొని చేయి చాపి, “పూసలియ్యి వదినా” అనెను. అప్పుడు మా ఇంటివారు తల్లితో, “అమ్మా, బడిలో ఒకమాఱు లెక్క తప్పినవానిని మళ్లీ పలక పట్టనీయనా? వాడు తప్పలేదు, మన ఏర్పాటు తప్పింది. వాడు దిద్దుకున్నాడు” అనిరి. రాబర్టు పెర్స్కె అను అమెరికా రచయిత 1972లో ఈ విషయమునే వ్రాసియున్నాడు. కష్టనష్టములకు లోనగు హక్కు గూడ మనుష్యుని గౌరవములో భాగమేననియు, అతిరక్షణ ఆ గౌరవమును హరించుననియు అతని వాదము. మనలో దెబ్బ తగులక నడక నేర్చినవారెవ్వరు?

అత్తగారు చాలసేపు పలుకలేదు. తరువాత లేచి తామే ఫోను తెచ్చి, ఛార్జి నిండినదో లేదో చూచి, కొడుకు చేతిలో పెట్టిరి. అప్పటినుండి బయలుదేఱు మెట్ల ఫొటోలలో ఫోను ఛార్జి చూచుట ఒకటి చేర్చితిమి. దిగవలసిన మెట్లను ఫొటో తీసి కార్డు వెనుక అంటించితిమి. అట్టకార్డు లేకుండ గడప దాటరాదన్నది నియమము. యంత్రము నిద్రపోవును, కాగితము నిద్రపోదు.

ఇప్పటికి ఏడాది దాటినది. మొన్న మాఘములో అత్తగారు తమ పుట్టినింట పెండ్లికి పోయి ఎనిమిది దినములుండిరి. కొడుకు పుట్టిన పిదప ఆమె అతనిని విడిచి యొక రాత్రి యైనను ఇష్టపూర్వకముగా గడపుట అదియే మొదటిసారి. తిరిగివచ్చి మొదట మాత్రల డబ్బా తెఱచి చూచిరి. గళ్లు ఎట్లుండవలయునో అట్లే యున్నవి. ఆమె ఆ డబ్బాను చాలసేపు చేతిలో పట్టుకొని కూర్చుండిరి.

అతనికి అన్నియు వచ్చినవని మేము చెప్పుట లేదు. నోట్ల రంగులు గుర్తించును గాని చిల్లర లెక్క తెలియదు. తీయగా మాటాడువాడు మోసగాడు కావచ్చునని తెలియదు. జ్వరము వచ్చినచో చెప్పలేడు. ఆ విషయములలో మనిషి తోడు ఎల్లప్పుడును కావలయును. స్వతంత్రముగా బ్రదుకుట యనగా ఒంటరిగా బ్రదుకుట కాదు. ఏ పనికి తోడు కావలయునో ఆ పనికే తోడుండి, తక్కినవానిలో అతని యిష్టమునకు విడుచుట. ఇతరులతో సమానముగా సమాజములో నివసించుటకు వైకల్యము గలవారికి హక్కున్నదని 2006లో ఐక్యరాజ్యసమితి అంగీకరించిన ఒడంబడిక చెప్పుచున్నది. మన దేశము దానిని 2007లో ఆమోదించినది. 2016లో చేసిన దివ్యాంగుల హక్కుల చట్టము గూడ ఆ మార్గముననే నడచినది. 

ఇక జాబు వ్రాసిన సోదరికి మా సమాధానము.

అమ్మా, మీది ఆడపిల్ల. మా మరిది కథ విని, మగపిల్లవాడు గనుక చెల్లినదని మీరనుకొనవచ్చును. మేము దానికి మాఱుగా చెప్పెదము. ఆడపిల్ల గనుకనే మఱింత త్వరపడవలయును. ఇరువదిరెండేండ్లు ఇతరుల చేతులే తన దేహమును కడిగి, తుడిచి, బట్ట కట్టుచుండినచో, ఏ చేయి తగునది, ఏ చేయి తగనిది అన్న భేదము ఆ పిల్లకు ఎట్లు తెలియును? తన స్నానము తాను చేసికొన్న పిల్లకే తన దేహము తనదన్న తెలివి కలుగును. తలుపు మూసికొనుట నేర్చినపిల్లకే తలుపు త్రోసికొని వచ్చుట తప్పని తెలియును. ‘వద్దు’ అను బొమ్మను పలకలో మొదటి వరుసలోనే పెట్టుడు. ఆమె ఆ బొమ్మ చూపినప్పుడు, అన్నము విషయమున నైనను, జడ విషయమున నైనను, ఇంటివారందఱు ఆగుడు. ఇంట చెల్లని ‘వద్దు’ బయట చెల్లునా?

నెలసరి దినములకు కేలెండరులో ఎఱ్ఱచుక్క పెట్టించుడు. గుడ్డ మార్చుకొను మెట్లను బొమ్మలుగా గీచి ఆమె బీరువాతలుపు లోపలివైపున, ఇతరులకు కనబడకుండ, అంటించుడు. తల్లి ఒక్కతెకే తెలిసిన రహస్యముగా దీనినుంచినచో తల్లి లేనినాడు ఆ పిల్ల మానము ఎవరి చేతిలో పడునో ఆలోచింపుడు.

మాటలు కొలదిగా వచ్చునంటిరి. మాట యంత్రములు నేడు ఫోనులోనే దొరకుచున్నవి. బొమ్మ నొక్కినచో ఫోను ఆ మాట పలుకును. చెన్నపట్టణమువారు చేసిన ‘ఆవాజ్’, బొంబాయి ఐ.ఐ.టి.వారు చేసిన ‘జెల్లో’ అట్టివి. కాని మొదట పది బొమ్మలతో కాగితపు పలక చేసి మూడు నెలలు వాడి చూడుడు. బొమ్మలు చూపుట మరిగినచో ఉన్న మాటలును పోవునని కొందఱు భయపెట్టుదురు. పరిశీలనలు చేసినవారు అట్లు జరుగదనియే కనుగొనిరి.

సలహా కొఱకు దూరము పోనక్కఱ లేదు. మన దిల్‌సుఖ్‌నగరులోనే ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ ఇటువంటి బిడ్డల సేవకు 1968లో ఏర్పడినది. సికింద్రాబాదు మనోవికాసనగరులో కేంద్రప్రభుత్వమువారు 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ యున్నది. అచట బిడ్డను పరీక్షించి, ఏమి చేయగలదో, తరువాత ఏది నేర్పవలయునో తెలుపుదురు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద సంరక్షకుని నియమించుటకు జిల్లా కలెక్టరు ఆధ్వర్యమున ఒక స్థానిక సంఘముండును. మీ ఎల్.బి. నగరు రంగారెడ్డి జిల్లాలోనిది. దానిని గూర్చి మీరు ఆరోగ్యముగా నున్నప్పుడే విచారించుట మేలు.

ఏది కొనవలయునని యడిగితిరి. ఈ నెల ఏమియు కొనవలదు. ఒక నోటుపుస్తకము తీసికొని, తెల్లవాఱినది మొదలు రాత్రివఱకు మీ అమ్మాయికి మీరు చేయుచున్న పనులన్నియు వ్రాయుడు. మందుల పేర్లు, ఆమెకు భయమైనవి, ఇష్టమైనవి గూడ వ్రాయుడు. ఆ పుస్తకము ఎక్కడ నుండునో ఇంట ఇంకొకరికి చూపుడు. అదియే మీ మొదటి సాధనము. తరువాత ఆ పట్టికలోనుండి ఒక్క పని, అన్నిటికంటె చిన్నది, ఎన్నుకొని దాని చివరి మెట్టు మీ అమ్మాయికి విడువుడు. ఆమె ఆగినప్పుడు మీరు పది లెక్కింపుడు.

ఆ పది లెక్కించుట ఎంత కష్టమో మాకు తెలియును. లెక్కించి చూచి, ఏమైనదో మాకు వ్రాయుడు.